కొండెక్కడం

పలాసలో జీడి బట్టీ కాడ
పదకొండేళ్ళు పిక్కలు కొట్టినాను.
సొన తినీసింది నా వేళ్ళ మీద గీతల్ని.
డిపోలో మిషన్ మీద బొటనేలు ఎడితే
"పడ్డం నేదు, తుడిసి మళ్ళీ ఎట్టు" అంతాడు డీలరు కుర్రోడు.
తుడిసి మళ్ళీ ఎడతాను.
మళ్ళీ పడదు.

షెడ్డు కిటికీకి మూడు ఊసలు.
రెండో ఊసకీ మూడో ఊసకీ మద్దెన
మహేంద్రగిరి.
వానలప్పుడు నీలంగా,
ఎండల్లో ఉందో నేదో తెలీకుండా.
పిక్క పగిలిన సప్పుడికల్లా
ఓ అంగుళం ఎనక్కి జరిగినట్టుండీది.

దీపం ఆరిపోతే కొండెక్కిందంతాం.
ఉల్లిపాయల దర పెరిగితే కొండెక్కిందంతాం.
మనిసి ఎక్కితే ఏటంతారో
మా మేస్త్రీ నడిగినాను.
"ఓ రోజు కూలి పోయిందంతారు" అన్నాడు.

పోనీ అనీసి ఎల్లాను.
మందస దాకా ఆటో,
అక్కణ్ణుండి దారి సూపించింది సవర సోంబారి.
సోమవారం పుట్టిందట, అందుకా పేరు.
"సోంబేరివా ఏటి?" అని నవ్వినాను.
నాకన్నా నలభై అడుగుల పైనుండి
తనూ నవ్వింది,
నెత్తి మీద సంత ఉప్పు మూట దించకుండానే.

జీడితోటలు అయిపోనాయి.
పనసలు అయిపోనాయి.
అనాస సేను, పసుపు మడి, పోడులో కాలిన మోళ్ళు,
నా బుజాల్ని దాటిన సీపురు గడ్డి,
అవీ అయిపోనాయి.
ఊపిరి మటుకు
కొంగు ముడిలో సిల్లర దాసుకున్నట్టు
కొంచెం కొంచెం తీసి ఖర్చెట్టినాను.
రబ్బరు సెప్పు తెగితే
సోంబారి అడ్డతీగ నారతో కట్టింది.
మడమ కాడ జలగ ఎప్పుడెక్కిందో గానీ
నాను సగం ఎక్కేసరికే
కడుపు నింపుకుని రాలిపోయింది.
దాని పని బేగి తెమిలిపోయింది.

"ఇక్కణ్ణుండి ఒడిసా" అంది ఓ కాడ.
సూసినాను.
అదే రాయి. అదే నాసు.
ఓ సీమ ఇటునుండి అటు పోతంది
ఏ కార్డూ సూపించకుండా.

పై ఊర్లో ఉప్పు దించీసినాక
నిట్రంగా బండ.
కాళ్ళూ సేతులూ ఆనించి పాకాల.
పది వేళ్ళూ అదిమి పట్టుకున్నాను.
పడ్డం నేదని అననేదు బండ.
తుడిసి మళ్ళీ ఎట్టమననేదు.

పైకెక్కీసినాం.
ఏటీ అగుపణ్ణేదు.

మబ్బు.
ఎవులో తడి గోనె నెత్తి మీద కప్పీసినట్టు మబ్బు.
సముద్రం అగుపడతాదని సెప్పినారు,
బారువ లైట్‌హౌసు అగుపడతాదని సెప్పినారు.
నాను వాటికోసం రానేదు.
మా బట్టీ గొట్టం, దాని పొగ,
ఆ పొగ పక్కన ఓ షెడ్డు, షెడ్డుకో కిటికీ,
ఆ కిటికీలో నాను నేకపోడం
ఒకపాలి సూద్దారని వచ్చినాను.

"కొండకి సిగ్గు" అంది సోంబారి
ఆనపకాయ బుర్రలో జీలుగు కల్లు నాకిస్తూ.
"కొత్తోలికి మొకం సూపించదు."
పుల్లగా ఉంది కల్లు. సల్లగా ఉంది.
ఇద్దరం ఏటీ మాటాడుకోనేదు.

అప్పుడు అడుగునుండి,
సాలా అడుగునుండి,
రైలు కూత.

రోజూ తెల్లారి
నన్ను మంచం మీంచి లాగి పనిలోకి తోలీ కూతే.
ఇంత ఎత్తుకొచ్చేసరికి
ఎంత సన్నబడిపోయిందో!
నిద్దట్లో పసిగుంట మూలిగినట్టుంది.
నాకు దాని మీద జాలేసింది.

మర్నాడు మళ్ళీ బట్టీ.
సుత్తి, పిక్కలు, వేళ్ళకి బూడిద.
"ఏటి సూసినావే పైన?" మేస్త్రీ అడిగినాడు.
"ఏటీ నేదు" అన్నాను.
నిజమే కదా.

పదకొండు గంటలకి మబ్బు తీసింది.
రెండో ఊసకీ మూడో ఊసకీ మద్దెన
కొండ నిలబడింది,
నెత్తి మీద ఏ మూటా నేకుండా.
సుత్తి పక్కనెట్టి సూసినాను.
నిన్న నాను కూకున్న సోటు
కాళీగా ఉంది.