ఫ్యూజు

షిల్లాంగ్‌లో వాన ముందుగా సౌండ్ చెక్ చేసుకునేది.
రేకుల మీద దాని శ్రుతి కుదిరాకే
మావాళ్లు తీగలు బిగించేవాళ్లు.

నేను పాడలేదు, వాయించలేదు.
లైతుంఖ్రా మలుపులో, దర్జీ కొట్టు మెట్ల కింద
రేడియోలు బాగుచేసేవాణ్ణి.
సీసం పొగ, చల్లారిన ఎర్ర టీ,
దవడలో పచ్చి వక్కా తమలపాకూ.
ఊళ్లో ఏ ఆంప్లిఫయర్ గొంతు పోయినా
దుప్పట్లో చుట్టి నా దగ్గరికే తెచ్చేవాళ్లు,
జ్వరమొచ్చిన పిల్లాడిలా.

ఎనభై ఏడో, ఎనిమిదో.
కర్ఫ్యూ సడలించిన సాయంత్రాలు.
బాన్‌షాన్ ఖర్‌కోంగోర్ గిటారు,
బేస్ మీద వాడి మేనకోడలు ఇయాఫిరా,
ఇంకా బడి యూనిఫాంలోనే, జడలో పెన్సిల్‌తో.
నూనె డబ్బాకి తోలు బిగించి డ్రమ్మన్నాడు హెస్టింగ్.
గడ్డం రాని పిల్లలు
ఎడారి దారుల గురించి ఇంగ్లీషులో పాడేవాళ్లు
ఉతికిన బట్టలు నెలకీ ఆరని ఊళ్లో.

వెనక బెంచీ మీద బా రోస్టార్.
ఇయెవ్‌దుహ్ సంతలో దుంపల బస్తాలు మోసేవాడు,
నుదుటి మీద పట్టీ కోసిన గాడి.
ఒళ్లో గోనెసంచి, సంచిలో దుయితారా.
దాని తీగలు మూగా పట్టువి.
పేరుకే మూగ.
ప్రతి షోకీ టికెట్టు కొనేవాడు,
సంచి ముడి మాత్రం విప్పేవాడు కాదు.
"నీ వంతెప్పుడు తాతా?" అని కుర్రాళ్లు నవ్వితే
తనూ నవ్వేవాడు, ఎర్రటి పళ్లతో.

ఆ రాత్రి చర్చి హాల్లో
మూడో పాట మధ్యలో కరెంటు పోయింది.
ఊరంతా ఇప్పటికీ ఇలాగే చెబుతుంది.

ఈలలు. కుర్చీ పడిన చప్పుడు.
తర్వాత వాన ఒక్కటే.
ఆ వానలో గోనెసంచి ముడి విప్పడం విన్నాను,
ఒట్టు.
చీకట్లో మెట్లు తడుముతూ దిగే కాలిలా
ఒక్కో స్వరం.
ప్రేమ పాట కాదు, వీరుడి పాట కాదు,
సోహ్రా దారిలో తప్పిపోయిన మేకని
వరసపెట్టి తిట్టే పాట.
హెస్టింగ్ తొడ మీద తాళం వేశాడు.
ఇయాఫిరా బేస్ చెక్కని పిడికిలితో కొట్టింది.
ఎవరో గీసిన అగ్గిపుల్ల వెలుగులో
బాన్‌షాన్ పెదాలు కదులుతున్నాయి.
తిట్లన్నీ వాడికి కంఠతా వచ్చు.

కరెంటు పోలేదు.
ఫ్యూజు నేనే లాగాను.
ట్రాన్స్‌ఫార్మర్ కమురు వాసన వేసిందని నాకు నేను చెప్పుకున్నాను.
వేసిందా? నలభై ఏళ్లుగా ముక్కుని అడుగుతున్నాను.
బాన్‌షాన్ నాకు రెండు రిపేర్ల డబ్బులు బాకీ, అదీ ఉంది.
బా రోస్టార్ వేళ్లు ఆ ముడి మీదే ఉండటం చూశాను, అదీ.
నా గుప్పిట్లో పింగాణీ ముక్క
అప్పుడే పెట్టిన గుడ్డులా వెచ్చగా.
బయట వీధి దీపం వెలుగుతూనే ఉంది.
ఒక్కరూ కిటికీ వైపు చూడలేదు.

ఆ చలికాలమే బా రోస్టార్ పోయాడు.
బాన్‌షాన్ ఢిల్లీలో పెళ్లిళ్లకి వాయిస్తాడట.
ఇయాఫిరా పళ్ల డాక్టరు,
నావి రెండు పీకింది, నొప్పి తెలియకుండా.
వాళ్ల క్యాసెట్టు ఒకటి నా దగ్గరుంది,
అందులో ఆ రాత్రి లేదు.

నిన్న ఒక కుర్రాడు పెడల్ పట్టుకొచ్చాడు.
"కరెంటు పోయిన రాత్రి నువ్వున్నావటగా?"
ఉన్నానన్నాను.
"ఎంతసేపు పోయింది?"
సీసం కరిగేదాకా ఆగి
"పాటన్నర" అన్నాను.
యాభై నోటిచ్చాడు.
పని ముప్ఫైదే.
చిల్లర లేదన్నాను.