ముప్ఫై ఎనిమిదో వరుస

చేపలు కప్పే గుడ్డలో చుట్టి
లాప్‌టాప్ తెచ్చింది సుకేనా.
"తెరిస్తే చాలు, కళ్ళు తేలేస్తోంది" అంది.

సెయింట్ లూయీ వంతెన పక్కన నా జెరాక్సు కొట్టు,
నది సముద్రంలో కలవడానికి వెనకాడే చోట.
మూత తీశాను. మీటల సందుల్లో ఉప్పు.
ఎఫ్ అక్షరం కింద ఒక పొలుసు,
గోటితో గీకితే తళుక్కుమంది.

చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళ చీటీ లెక్క అది.
నలభై ఒక్కమంది.
వారానికి తలా రెండు వేల ఫ్రాంకులు,
వారానికొకరికి మొత్తం డబ్బు.

ఫైలు నొక్కాను.
చక్రం తిరిగింది, తిరిగింది,
కిటికీ పాలిపోయింది.
స్పందించడం లేదు, మూసెయ్యమంటారా?
వద్దన్నా మూసేసింది.

సేఫ్ మోడ్‌లో తెరిచాను.
యాడ్-ఇన్‌లు ఒక్కొక్కటే ఆపాను.
ప్రింటరు తీగ పీకాను, పాపం దానికేమీ తెలియదు.
కాపీ తీశాను, ఆ కాపీకీ కాపీ తీశాను,
జబ్బు కూడా శుభ్రంగా కాపీ అయింది.

స్టూలు మీద కూర్చుని అంతా చూసి
సుకేనా అంది:
"వల ఎక్కడ చిక్కుకుందో తెలియనప్పుడు
అంతా ఒక్కసారి లాగరు అబ్బాయ్.
సగం లాగు. రాకపోతే
చిక్కు ఆ సగంలో ఉన్నట్టు."

సగం కోశాను. మిగిలినదాంట్లో సగం.
అప్పుడు కనబడింది:
నలభై ఒక్కమంది కింద
పది లక్షల ఖాళీ వరుసలు,
ఒక్కొక్కదానికీ ఒక సూత్రం, పసుపు రంగు.
పేరు లేని పది లక్షల మంది
చందా కట్టారో లేదో
పాపం ఈ యంత్రం ప్రతిసారీ లెక్క వేసుకుంటోంది.

"ఎవరు చేశారిది?"
"నేనే" అంది. "అందరూ కట్టిన వారం.
పసుపంటే కట్టినట్టు.
సంబరంలో పట్టుకుని కిందికి లాగాను.
అడుగు లేదని నాకేం తెలుసు?"

తుడిచేశాను. తెరుచుకుంది.
మొత్తం గడిలో అంకెకు బదులు
వరసగా కంచె గుర్తులు.
ఆమె గుండె మీద చెయ్యి వేసుకుంది.
"డబ్బు ఎక్కడికీ పోలేదమ్మా,
గది ఇరుకు, అంతే."
"మా ఇళ్ళలాగా" అంది.
గీత పట్టుకుని పక్కకి జరిపాను,
ఎనభై రెండు వేలు బయటికొచ్చి నిలబడాల్సింది.
డెబ్బై ఎనిమిదే వచ్చాయి.

వెంటనే ఇంకో హెచ్చరిక:
లెక్క తన తోకను తానే పట్టుకుంది, గానుగెద్దులా.
పన్నెండో వరుస ఖుదియా.
ముప్ఫై ఎనిమిది రోఖాయా.
ఖుదియా గడి అంటుంది: రోఖాయా ఎంతంటే అంత.
రోఖాయా గడి అంటుంది: ఖుదియా ఎంతంటే అంత.
ఇద్దరి దగ్గరా సున్నా.

"వాళ్ళు చెప్పినట్టే రాశాను" అంది సుకేనా.
"నాది అది కట్టేసిందిలే, దాన్ని అడుగు అంటుంది ఒకతె.
రెండోదీ అదే మాట."
ఇద్దరి గోడలనూ సముద్రం తీసుకుపోయింది.
గుడారాల నుంచి రేవుకి రావాలంటే
బండి చార్జీకే సగం కూలి.

"అయితే నాలుగు వేలు తక్కువన్నమాట."
"పెట్టెలో ఎప్పుడూ తక్కువ రాలేదు."
"మరి ఇక్కడ..."
ఆమె నది వైపు చూస్తోంది.
ఆ చూపులో సూత్రం ఏమీ లేదు.
నేను వెతకలేదు కూడా.

"అంకెలు వేసెయ్" అంది. "రెండు వేలు. రెండు వేలు."
"ఎక్కడి నుంచి వచ్చాయని?"
"అది అడుగుతుందా?"
"అడగదు."
"నువ్వూ అడక్కు."

వేశాను.
కింద ఎనభై రెండు, మారు మాట్లాడకుండా.
సేవ్ చేయాలా అని మాత్రం అడిగింది.

కూలి కింద గుప్పెడు ఎండుచేపలు పెట్టింది
కాగితాల రీము మీదే.
రెండు రోజులు నా కొట్టులో తీసిన ప్రతి జెరాక్సూ,
జనన పత్రాలూ, కోర్టు నోటీసులూ,
ఎండుచేప వాసనతోనే బయటికెళ్ళాయి.
ఒక్కరూ వాపసు తేలేదు.