తైలవర్ణం

పదవి దిగే ప్రతి అధిపతికీ ఒక పటం,
ఆ కంపెనీ ఆనవాయితీ.
స్టావంగర్ రేవును చూసే ఏడో అంతస్తు నడవాలో
ఇప్పటికే ఐదుగురున్నారు,
ఒకే నీలం కోటు, ఒకే గడ్డం ఎత్తు.
ఆరో మేకు కొట్టేశాకే నాకు కబురు పెట్టారు.

నవంబరు. నాలుగింటికే చీకటి.
టోర్లైఫ్ రావ్న్‌దాల్ కిటికీ పక్కన కూర్చున్నాడు,
పన్ను పీకించుకోవడానికి వచ్చినవాడిలా.
"కదలొచ్చా?"
"మాట్లాడొచ్చు" అన్నాను.
మాట్లాడలేదు.

రెండో రోజు నా సీసా మూత తీయగానే
ముక్కుపుటాలు అదిరాయి.
"ఏం నూనె?"
"అవిసె."
"ఎంత?"
చెప్పాను. కళ్ళు మూసుకుని
పీపాకి ఎంతవుతుందో కట్టాడు.
"నేను దిగింది తప్పు వ్యాపారం" అని
మొదటిసారి నవ్వాడు.

ఆ తర్వాత అన్నీ వాసనల ముచ్చట్లే.
వాళ్ళమ్మ మాగ్నిల్డ్ సార్డీన్ల కార్ఖానాలో
పొగబెట్టిన వేలెడు చేపల తలలు కత్తిరించి
డబ్బాల్లో సర్దేది.
ఇంటికొచ్చి మూడుసార్లు సబ్బు రుద్ది
వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని
"పోలేదురా" అనేది.
బస్సులో ఆమె పక్క సీటు ఎప్పుడూ ఖాళీ.
"అందుకే నాకు ఎప్పుడూ కూర్చునే చోటు దొరికేది."

పంతొమ్మిదేళ్ళకి
సముద్రం నడుమ ఇనుప మంచె మీద కూలీ.
గొట్టాలకు చుట్టే గొలుసు
కుడి చూపుడువేలు సగం తీసుకుంది.
మిగతా సగంతోనే సంతకాలు నేర్చాడు.
ముప్పైకి మేస్త్రీ. నలభైకి
ఏ బావిలో ఎంత మిగిలిందో నోటిలెక్క.
యాభై రెండుకి ఈ కుర్చీ.
మధ్యలో ఒక పెళ్ళి:
అది ముగిసిన తేదీ గుర్తులేదట,
ఆ వారం పీపా ధర గుర్తుంది.

మూడో రోజు తనే లేచి అలమర తెరిచాడు.
క్లౌడ్‌బెర్రీ జాం సీసాలు, ఇరవై మూడు.
హెలికాప్టర్ ఒకటి తిరిగిరాని ఏడాది
తొమ్మిది ఇళ్ళ తలుపులు తనే తట్టాడు.
కార్మోయ్ దీవిలో ఒక్కావిడే కాఫీ ఇచ్చింది.
అప్పట్నుంచి ఏటా ఒక సీసా,
చీటీ ముక్క లేకుండా.
"క్షమించిందో, మర్చిపోనివ్వనంటోందో
తేలేదాకా తినకూడదనుకున్నాను."
అడుగున బంగారం నల్లబడింది.
అతని దవడ కింద నీడకి ఆ రంగే కలిపాను,
ఎవరికీ చెప్పలేదు.

శుక్రవారం. కింద గేటు దగ్గర
అట్టలు పట్టుకుని బడిపిల్లలు.
"చూశారా ఆ చూపు?
బస్సులో జనం చూపే. నాకు అలవాటే."
నేను కుంచె కడిగేంతసేపు ఊరుకుని,
"కానీ అమ్మ చేపలు
ఎవరి ఆకాశాన్నీ పాడు చేయలేదు" అన్నాడు.
వేసిన పెదవులు చెరిపి మళ్ళీ వేయాల్సొచ్చింది.

బోర్డు నుంచి ఒకావిడ వచ్చింది.
వెనకాల మంచె కావాలంది, ప్రశాంతమైన సముద్రం,
వేలు పూర్తిగా ఉంటే బాగుంటుందంది.
మంచె వేశాను. సముద్రం వేశాను.
వేలు దగ్గర ఆగాను.
"వేసెయ్యండి," అన్నాడతను,
"మీకూ ఇల్లు గడవాలిగా."
వేయలేదు. అది ధైర్యమేమీ కాదు,
లేని వేలు ఎలా ఉంటుందో
నాకు తెలియలేదు, అంతే.

వసంతం దాకా తగిలించొద్దన్నాను,
నూనె ఆరడానికి నెలలు పడుతుంది.
వినలేదు. డిసెంబరులోనే
ఆరో మేకు నిండింది.
కేకు, చప్పట్లు, గడియారం బహుమతి.
అందరూ లిఫ్టు ఎక్కాక
అతను ఒక్కడే వెనక్కి వచ్చి
పటంలోని తన కోటు అంచును
ఆ సగం వేలితో తాకాడు.
మచ్చ పడింది.
నేను అరవబోయాను.

అతను వేలు ముక్కు దగ్గర పెట్టుకుని
చాలాసేపు అలాగే నిలబడ్డాడు.