రెండో వైపు

ఇశ్రాయేలు మాస్టారు ఏదో అన్నారని
ఆర్కెస్ట్రా వాళ్లందరికీ తెలుసు.
ఏమన్నారని అడిగితే మాత్రం
గుంటూరులో ఒక మాట, బెజవాడలో ఒక మాట.

నాకు పాటొస్తుంది. ఎత్తుగడ నుంచి ముగింపు దాకా
ఒళ్లో గిటారు పడుకోబెట్టుకుని
పొల్లు పోకుండా జార్చుకుంటూ పోతాను.
మధ్యలో నాకని వదిలేసిన ఎనిమిది బార్లే రావు.
అక్కడికొచ్చేసరికి చేతిలో స్టీలు కడ్డీ
ఎవరిదో వస్తువులా బరువెక్కుతుంది.
అందుకని బయల్దేరాను.

బ్రాడీపేటలో సుభానీ
తబలా మానేసి జాకెట్లు కుడుతున్నాడు.
నోట్లో గుండుసూదులు తియ్యకుండానే చెప్పాడు:
"సోలో అంటే కొలత లేకుండా కత్తిరించడం కాదు,
కొలతలన్నీ తీసుకుని టేపు దాచెయ్యడం, అన్నాడు."
అది మాస్టారి మాటో టైలరు మాటో
సూదుల మధ్య నుంచి తేలలేదు.

ఆటోనగర్‌లో లేతు మిషను పక్కన
చేతులు కిరసనాయిలుతో కడుక్కుంటూ నాంచారయ్య:
"ఆయన కడ్డీ నేను తిప్పిందేనండీ.
రాజ్‌దూత్ పిస్టన్ పిన్ను.
మూడుసార్లు వెనక్కి తెచ్చాడు, ఇంకా నునుపు, ఇంకా నునుపని.
ఎంత నునుపు సార్, అని విసుక్కున్నా.
'నేను తడబడితే దానికి తెలియకూడదు' అన్నాడు."
సోలో గురించి కాదు.
అయినా రాసుకున్నాను.

చివరికి కొత్తపేటలో వాళ్లమ్మాయి శాంతసుందరి,
నర్సుగా చేసి రిటైరైన మనిషి,
బిస్కెట్ల డబ్బాలోంచి ఒక క్యాసెట్టు తీసింది.
మీద నీలం సిరాతో 'నాన్న మాటలు'.
ప్లేయరు నేనే పట్టుకెళ్లాను.

మొదటి వైపంతా దగ్గు,
ఫ్యాను, ఎదురింటి రుబ్బురోలు.
రెండో వైపు ఎవరో కుర్రాడు అడుగుతున్నాడు,
నేను అడగాలనుకున్నదే, నాకంటే బెదురుగా.
మాస్టారి గొంతు నేననుకున్నంత లోతుగా లేదు.
"సోలోనా? చూడు బాబూ,
మెట్ల మీద ఎవడైనా నిలబడతాడు.
మెట్టుకీ మెట్టుకీ మధ్య జారేటప్పుడు మనిషి..."

టక్.

"గుంటూరు మార్కెట్ యార్డుకు నేడు వచ్చిన మిర్చి
ఇరవై రెండు వేల టిక్కీలు.
సన్నం మేలు రకం..."

శాంతసుందరి చెంగు నోటికడ్డం పెట్టుకుంది.
నవ్వో ఏడుపో చూడలేదు నేను.
"మా ఆయన. కమీషను కొట్లో గుమాస్తా.
రేట్లు రికార్డు చేసుకునేవాడు, చేతికేది దొరికితే దాంట్లో.
ఇప్పుడు ఆయన్నీ ఏమనలేం."

చివరి దాకా విన్నాం.
రకం రకానికీ ఒకే నిదానం,
మధ్యలో చిన్న గుక్క,
చిట్టచివర తాలు కాయలు, క్వింటాలు ఇంత, అని
అదే మర్యాదతో.
తర్వాత మళ్లీ టక్. ఒంటి తీగ సాగిన చప్పుడు.
ఎక్కడికో వెళ్లబోయి దాటిపోయింది,
దాటినచోటే కాసేపు వణికింది.
"...అని నా ఉద్దేశం. టీ తాగుదామా?"
టేపయిపోయింది.

బస్సులో మంగళగిరి దాటేదాకా కోపంగానే ఉన్నాను.

పోయిన శుక్రవారం పటమటలో పెళ్లి.
వంకాయ కూర ఘుమఘుమలకి ఎవరూ పాట వినడం లేదు.
ఎనిమిది బార్లొచ్చాయి.
మాస్టారి మాట గుర్తు చేసుకుందామంటే
చెవిలో యార్డు రేట్లే మొదలయ్యాయి.
సన్నం, మేలు రకం, గుక్క,
మధ్య రకం, గుక్క.
కడ్డీ ఆ నడకే పట్టుకుంది.
ఏడో బార్లో ఒక స్వరం దాటిపోయింది.
వెనక్కి లాక్కోలేదు.
తాలు కాయలు, అనుకున్నాను, క్వింటాలు ఇంత.

వైర్లు చుట్టేటప్పుడు కీబోర్డు కుర్రాడు దగ్గరకొచ్చాడు.
"అన్నా, ఆ తప్పుడు స్వరం కావాలనే వేశావా?"

"తాలుకీ ఒక రేటుందిరా," అన్నాను.
"ఇశ్రాయేలు మాస్టారు అనేవారు."