తెల్లల తెల్ల

గీసుగొండ దాటినంక మా మిల్లు.
బ్లోరూంల నా కుర్చీ.
నా ముందట నిలువెత్తు గాజుపెట్టె,
దాంట్ల నాలుగు కెమెరాలు, రెప్పలు లేనివి.

పత్తి పింజలు పింజలై
గాలిగొట్టంల కొట్టుకపోతాంటది.
ఆ ఉరుకుడు మనిషి కంటికి ఆనది.
కెమెరాకు ఆనుతది.
తెల్లగ లేనిది ఏదన్న వొచ్చిందా,
టక్!
సన్నటి గాలిదెబ్బ
దాన్ని పక్కసంచిలకు ఊదేస్తది.
మొదటి వారం ఆ టక్కులు లెక్కవెట్టిన.
తర్వాత గోడగడియారం తీరైనయి,
ఆగితేనే ఇనవడుడు.

కోయంబత్తూరు నుంచి వొచ్చిన సెల్వం
సగం తెలుగుల, సగం చేతులతోని చెప్పిండు:
"ఇది పత్తిని చూడదమ్మా.
పత్తి కానిదాన్నే చూస్తుంది."

షిఫ్టు దిగేముందు సంచి ఇప్పి
దొరికినయి పుస్తకంల రాసుడు నా పని.
ఎరువు బస్తా పసుపు పీచు.
గువ్వ ఈక.
బీడీకట్ట గులాబి దారం.
చాక్లెట్ కాగితం ముక్క,
పిల్లగాన్ని చేనుగట్టుకు కూసోవెట్టి ఏరింది ఎవలో.
పొడుగు వెంట్రుకలు,
ఇంకా కొబ్బరినూనె జిడ్డు వదలనియి.
ముదురు నీలం చీరె పోగు.

పుస్తకంల గడులు ఐదే:
ప్లాస్టిక్, వెంట్రుక, బట్ట, ఈక, ఇతర.
నేను "బట్ట" అని రాస్త.
ఆ పోగు ఎట్ల వొచ్చిందో నాకెరుకే.
నడుముకు వొడి కట్టుకొని
మంచు ఆరకముందే సాలుల వంగితే
ఎండిన కాయ మొన కొంగును గీకి
ఒక్క పోగు గుంజుకుంటది.
కిలోల లెక్కన ఏరిన ఆరేండ్లు
నా చీరెలన్ని అట్లనే పలుచవడ్డయి.

పోయిన కార్తీకంల ఒక లాటు వాపస్ వొచ్చింది.
నలభై మీటర్ల బట్టల
ఆవగింజంత నీలం చుక్క.
సూపర్‌వైజర్ రాజమొగిలి
మిషన్ చురుకు ఆరు నుంచి తొమ్మిదికి తిప్పుమన్నడు.
తిప్పిన.
టకటకటకటక,
వానకు రంగు మారిన గుడ్డిపత్తిని
కండ్లున్న మిషన్ ఒక్క పింజ ఓర్వలె.
తెల్లారేసరికి పదకొండు సంచులు చెత్త.
"ఏందిది?" అన్నడు,
తిప్పుమన్నది తను కానట్టు.
చురుకు ఏడుకు దించి
కారణం దగ్గర "వాన" అని రాసిన.
ఆ గడిల ఇంకేం పట్టది.

రాత్రి నాలుగొందల పదహారో బేలు ఇప్పిండ్లు.
శాయంపేట జిన్నింగుది.
ఆ దిక్కే మా లచ్చవ్వ పెద్దమ్మ కూలికి పోతది,
డెబ్బై దాటినా.
తలకు రంగు ఎయ్యదు.
కొప్పు నిలువది, వంగినప్పుడల్ల జారుతది,
పత్తి చేతులతోనే మల్ల ముడేసుకుంటది.

సెల్వం అద్దాలు తుడుస్తుంటే అడిగిన:
"తెల్ల వెంట్రుక వొస్తే?"
గుడ్డ జేబుల వెట్టుకుంట నవ్విండు.
"తెల్లలో తెల్ల దీనికి కనపడదు.
దానికి వేరే లైటు ఉంది.
ఓనరు కొనలేదు."
ఆ లైటు ధర ఎంతనో నేను అడుగలె.

మూడుగంటలు. చాయ్ చల్లారింది.
బేలు సాంతం పోయేదాక
గాజుకు మొఖం ఆనిచ్చి చూసిన,
నాకేమన్న ఆనుతదా అని.

సంచి కట్టి పుస్తకం తీసిన.
వెంట్రుక: పదిహేడు.
అన్ని నల్లయే.