తూకం-రెండు

అటక మీద బేతంచెర్ల బండ,
బండ మీద మూడు పాత డబ్బాలు.
మూసేసిన జిన్నింగు మిల్లు వేలంలో
ఇనుము లెక్కన, కిలో ఇంతని కొన్నా.
ఆరేండ్లయింది.
ఫ్యాను విప్పి ఊదితే ఇప్పటికీ
ఆదోని దూది రాల్తాది.

"నెట్టు మళ్ళా పోయింది" అంటాది సుంకమ్మ కింద నుంచి.
పోలేదు.
పేరడిగితే అడ్రసు చెప్పాల్సిన డబ్బా
నోట్లో వక్కాకు పెట్టుకున్న కరణం మాదిరి
తలకాయ మాత్రం ఊపుతాండాది.
రీస్టార్టు చేస్తే పలుకుతాది.
మాపటికి మళ్ళా మూగ.

దీని బాస పాతది.
కొత్త లాప్‌టాపు దీంతో చెయ్యి కలపదు,
ఈ తాళం నమ్మనంటాది.
నిజమే, నేనూ నమ్మను.
కానీ స్కానరుకు ఈ బాస ఒకటే వచ్చు.
స్కానరు కోసరం వాకిలి తెరిచిపెట్టినా,
వాకిటికి ఇంకో డబ్బాను కావిలి పెట్టినా,
ఆ కావిలోనికి అప్‌డేట్లు ఆగి తొమ్మిదేండ్లు.

గుజిరి అంగట్లో కూచోని రసూలు నవ్వుతాడు.
"ఈరన్నా, అరచెయ్యంత డబ్బా
ఈ మూడింటి పనీ చేస్తాది.
నీ కరెంటు బిల్లులోనే గిట్టిపోతాది."
నాకు తెల్దా?
పాలిటెక్నిక్‌లో పిల్లోళ్ళకు అదే చెప్తా,
బోర్డు మీద రాసి, కింద గీత గీసి.
ఇంటికొచ్చి టెల్‌నెట్ కొడతా.

కరెంటు పోతే ఇంగో కత.
పెద్దదాని బోర్డు మీద బిళ్ళ సచ్చింది.
కరెంటొచ్చినప్పుడల్లా దానికి
రెండువేలు, జనవరి ఒకటి, శనివారం.
ఇంట్లో అన్నీ దాన్నే టైమడుగుతాయి.
మొన్న వాకిట్లో కెమెరా పాలు తాగే పిల్లిని పట్టింది,
నా పెండ్లికి ముందరి పిల్లి.
బిళ్ళ ఇరవై రూపాయలు.
మార్చాలంటే ఆపాల.
ఆపితే లేస్తాదో లేదో.

నిన్న నలభై నాలుగు డిగ్రీలు.
అర్ధరాత్రికి గూడా బండ సల్లబడలే.
డిస్కు కిర్రుకిర్రుమంటాంటే
సాలు, పీకేస్తానని అటకెక్కినా.
పీకే ముందర లాగు తెరిచినా,
ఇంకా ఎవురన్నా దీన్ని నమ్ముకోనుండారా అని.

తొంభై సెకండ్లకు ఒక ప్రశ్న.
తూకం-రెండు యాడుండాది?
లేదు.
తూకం-రెండు యాడుండాది?
లేదు.
అడిగేదీ అదే, చెప్పేదీ అదే.
మిల్లులో పత్తిబండ్లు ఎక్కిన కాటా పేరది.
కాటా ఎప్పుడో కరిగిపోయింది.
మిల్లు జాగాలో రాళ్ళు పాతి ప్లాట్లేసినారు.
రోజుకు తొమ్మిదినూర్ల అరవైసార్లు,
నా కరెంటుతో.

తిట్టాలనుకుని తిట్టలే.
తూకం-రెండు అంటే నువ్వే అని
దాని అడ్రసే దానికి రాసిచ్చినా, ఒక్క లైను.
గమ్మునయింది.
నేనూ అట్లే గోడకానుకుని
కునుకు తీసినట్టుండా.

తెల్లారుజామున కరెంటు పోయొచ్చింది.
డిస్కు నిండిపోయి, రాసిన లైను నిలవలే.
జనవరి ఒకటి, శనివారం.
తూకం-రెండు యాడుండాది?

కింద నుంచి సుంకమ్మ,
"నెట్టు పోయిందా?"

లేదంటిని.