పదకొండు గళ్లు

బొమ్మ ఇంకా పుట్టలేదు.
గొంతు ముందు పుట్టింది.

బుడాపెస్ట్‌లో ఆ శీతాకాలం
కిటికీలకి కంబళ్లు బిగించి
ట్రాము మలుపు తిరిగిపోయేదాకా ఆగి
ఎతెల్కా పిచ్చుకపిల్ల అయ్యేది.
యాభై రెండేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు.
మైకు ముందు చెప్పులు విడిచి
మునివేళ్ల మీద నిలబడేది.
"పిచ్చుక మడమలు నేలకి ఆనవు కదా" అనేది.

నా పని గొప్పదేం కాదు.
టేపుని ముందుకీ వెనక్కీ జరుపుతూ
మాటని ముక్కముక్కలుగా విని
పొడుగాటి కాగితం మీద గడికో అక్షరం దింపడం.
సెకనుకి ఇరవై నాలుగు గళ్లు.
"ఆ"కి ఆరు. "ల్"కి రెండు.
"మ" దగ్గర పెదాలు కలవాలి.
"పిచ్చుకకి పెదాలెక్కడివమ్మా!"
అని నవ్వేవాడు బెర్తలాన్,
తోలు చేతితొడుగులు రెండు టపటపలాడించి
దాన్ని ఎగరేస్తూ.
మంచులో నడకంటే, అతని సంచిలో పిసికిన బంగాళాదుంప పిండి.
ఇంటికెళ్తూ నిజం మంచు తొక్కి
"ఇది సరిగ్గా పలకట్లేదు" అని విసుక్కునేవాడు.

మూడో రీలులో,
"అమ్మా, చలి"కీ "ఏం లేదులే"కీ మధ్య
పదకొండు గళ్లకి అక్షరం దొరకలేదు.
నిశ్శబ్దమా అంటే, కాదు.
చేత్తో మెల్లగా తిప్పి విన్నాను:
లోపలికి పోతూ ఎక్కడో గీసుకున్న ఊపిరి,
తలుపు కింద ఇరుక్కున్న కాగితంలా.
దర్శకుడు కత్తిరించెయ్యమన్నాడు.
కత్తెర తీశాను.
పెట్టేశాను.
పదకొండు గళ్ల పొడుగునా ఒకే గీత గీసి
పక్కన రాశాను: ఊపిరి.

అద్దంలో తన మొహం చూసుకుంటూ
బొమ్మలు గీసే కుర్రాడు గెలేర్ట్
ఆ మాట ముందు చాలాసేపు కూర్చున్నాడట.
పిచ్చుక రొమ్ము మీద మూడు ఈకలు లేపి
మెల్లగా దించాడు.
అంతే.

మొదటి ఆటకి ఎతెల్కా రాలేదు.
కొండ మీది ఛాతీ ఆసుపత్రిలో పడుకుని
కిటికీ అవతలి పిచ్చుకలకి తప్పులు పడుతోందని
బెర్తలాన్ చెప్పాడు.
చెప్పి, చేతితొడుగులు వేసుకున్నాడు, మామూలుగా, చలికి.

చాలా ఏళ్లకి రీళ్లు పట్టుకుని క్రాకోవ్ వెళ్లాను.
మాటలన్నీ మారాయి.
ముక్కు మూసుకునే చోటికల్లా
సరిపడే అక్షరాల కోసం తెల్లవార్లూ వెతికారు.
ఆ మూడు ఈకల దగ్గర మాత్రం
రాయడానికి ఎవరికీ ఏమీ లేదు.

మైకు ముందు కొత్తమ్మాయి
తెర వైపు చూసి, ఎవరూ చెప్పకుండానే
ఊపిరి లోపలికి తీసింది.

లెక్కపెట్టాను.
కుర్ర ఊపిరి. తొమ్మిది గళ్లకే నిండిపోయింది.

"ఇంకోసారి" అన్నాను.